ఖుజామాకు రెండో పేరు

కువైట్‌లోని సబా అల్ సలేంలో ఏడాది పొడవునా పచ్చగా కనిపించేదంతా ఎవరో నాటినదే. వీధుల వెంట కోనోకార్పస్ వరుసలు, మధ్య మధ్య ఖర్జూరాలు, చలికాలంలో కూడళ్ల దగ్గర పూలమళ్లు. గొట్టంలో నీళ్లు ఆగితే వీటిలో చాలావాటికి రోజులు దగ్గరపడ్డట్టే. 1965 నుంచి 1977 వరకు కువైట్‌ను పాలించిన అమీరు పేరుతో ఈ పేట వెలియక ముందు ఈ తీరభూమికి తన పచ్చదనం తనకుండేది. నాటేవాళ్లు లేకుండానే మొలిచి, తడిపేవాళ్లు లేకుండానే పూసి, ఎండలు ముదిరేసరికి విత్తనంగా ఇసుకలో దాక్కునే పచ్చదనం అది. దాన్ని ఓపికగా కాగితం మీదికి ఎక్కించింది ఎవరని అడిగితే, కువైట్ మొక్కల మీద తర్వాత వచ్చిన పుస్తకాలు ఒక ఇంగ్లిష్ ఆవిడ వైపే వేలు చూపిస్తాయి. ఆవిడ వయొలెట్ డిక్సన్ (1896–1991). కువైట్, బహ్రెయిన్ అడవిపూల మీద ఆమె పుస్తకం 1955లో వచ్చింది. మంచి వానలు పడిన ఏడు ఎడారిలో ఊదారంగున పూసి పరిమళించే ఒక చిన్న మొక్కకు శాస్త్రలోకంలో ఆమె పేరే ఉంది: హార్వుడియా డిక్సోనియే. ఆమె గురించి ఎవరు రాసినా ఈ పువ్వు దగ్గర మొదలుపెట్టి ఈ పువ్వు దగ్గరే ఆగిపోతారు. చిక్కు అక్కడే ఉంది. ఆ పువ్వుకు ఎడారి సంచారులైన బదూలు ఎప్పుడో పెట్టుకున్న పేరు ఖుజామా. డిక్సన్ చేసిన పనిలో గట్టి భాగం ఏది అని తూకం వేస్తే, తన పేరు మోస్తున్న ఆ ఒక్క పువ్వు కన్నా, వేరేవాళ్ల నోట విని రాసిపెట్టిన పేర్ల వైపే ముల్లు మొగ్గుతుందని నా వాదన.

ముందు మనిషి సంగతి. లింకన్‌షైర్‌లోని గాట్బీ అనే పల్లెలో పుట్టిన వయొలెట్ లూకాస్ కాల్‌క్రాఫ్ట్, మార్సెయిల్స్‌లో ఒక బ్యాంకులో పనిచేస్తుండగా హెరాల్డ్ డిక్సన్ అనే సైనికాధికారిని కలిసింది. 1920లో బొంబాయిలో పెళ్లి. ఇరాక్, బికనీర్, బుషహర్ తిరిగి 1929లో కువైట్ చేరారు. ఆయన అక్కడ బ్రిటిష్ పొలిటికల్ ఏజెంటు. 1936లో ఆ కొలువు వదిలాక కువైట్ ఆయిల్ కంపెనీకి స్థానిక ప్రతినిధి అయ్యాడు. ఆయన 1959లో పోయినా ఆవిడ ఊరు వదల్లేదు. సముద్రపు ఒడ్డున అదే పాత ఇంట్లో ఉండిపోయింది. కొడుక్కి సౌద్ అన్న పేరు కూడా కలిపి పెట్టుకున్నారు కనుక ఊరంతా ఆవిడను ఉమ్ సౌద్, అంటే సౌద్ తల్లి, అని పిలిచేది. 1990 ఆగస్టులో ఇరాక్ సేనలు వచ్చిపడ్డాక తొంభై దాటిన వయసులో ఆవిడను ఇంగ్లండ్‌కు తరలించారు. కువైట్ విముక్తి చూడకుండానే 1991 జనవరిలో కన్నుమూసింది. అరవై ఏళ్ల పైమాటే ఒక్క చోట. ఆమె ఆత్మకథకు కువైట్‌లో నలభై ఏళ్లు అని పేరు పెట్టిన 1971 నాటికి ఇంకా దాదాపు ఇరవై ఏళ్ల కాపురం మిగిలే ఉంది. ఈ నిలకడను గుర్తుపెట్టుకోవాలి. శాస్త్రం దృష్టిలో దీని విలువేమిటో తర్వాత తేలుతుంది.

డిక్సన్‌ది తొలి పరిశీలకుల పని అంటాను. ఇంగ్లండ్‌లో తొలి ప్రకృతి పరిశీలకుడంటే చప్పున గుర్తొచ్చేది జాన్ రే (1627–1705). ఇరవయ్యో శతాబ్దపు ఆవిడను ఆయన పక్కన నిలబెట్టడం పొసగదని అనిపించవచ్చు. కానీ తొలిదశ అనేది క్యాలెండరులో ఒక శతాబ్దం పేరు కాదు, ఒక నేలకు రాతలోకి అడుగుపెట్టే ఘట్టం. కేంబ్రిడ్జి చుట్టుపక్కల మొక్కలకు ఆ ఘట్టం 1660లో రే పుస్తకంతో వచ్చింది. కువైట్ మొక్కలకు 1930లలో వచ్చింది. ఇద్దరికీ మరో పోలిక ఉంది. రే కమ్మరి కొడుకు. తల్లికి మూలికా వైద్యం తెలుసు. మొక్కల కోసం ఊరూరా తిరిగినప్పుడు పల్లెజనం మాటలనూ పోగుచేశాడు. 1670లో సామెతలు, 1674లో వాడుక తగ్గిన ప్రాంతీయ పదాలు అచ్చువేశాడు. మొక్కను, మాటను ఒకే సంచిలో వేసుకోవడం ఆయనకు వింతగా తోచలేదు. తర్వాతి రెండు శతాబ్దాల్లో ఆ సంచి రెండైంది. మొక్క హెర్బేరియానికి, మాట నిఘంటువుకు పోయాయి. డిక్సన్ మొక్కలు లండన్ శివారులోని క్యూ ఉద్యానానికి వెళ్లాయి. పేర్లు ఆమె పుస్తకంలో మొక్కల పక్కనే కూర్చున్నాయి.

అయితే ఏమిటట, నాలుగు అరబ్బీ పేర్లు రాస్తే గొప్పా అని ఎవరైనా అనవచ్చు. ఆ పేర్ల లోపలికి వెళ్లి చూడాలి. బదూలు మేతమొక్కలను ముఖ్యంగా రెండు కుటుంబాలుగా చూస్తారు. ఉప్పుగా ఉండేవి హమ్ద్, ఉప్పులేనివి ఖుల్లా. ఒంటెకు రెండూ కావాలి. వట్టి ఖుల్లా మేస్తే కొన్నాళ్లకు అది హమ్ద్ కోసం మొరాయిస్తుంది. కువైట్ నేలలో ఎటు చూసినా కనిపించే రమ్త్ హమ్ద్ జాతి, ఇప్పుడు కువైట్ జాతీయ పుష్పమైన పసుపుపచ్చ అర్ఫజ్ ఆ జాతి కాదు. ఎక్కడ ఏది ఉందో తెలిస్తే మంద ఎప్పుడు ఎటు కదలాలో తెలిసినట్టే. అంటే రెండు మాటల్లో ఒక సంవత్సరపు వలసదారి ఇమిడి ఉంది. రగ్‌రూగ్ అనే చిన్న మొక్క సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఆ మొక్క ఉన్నచోట నేల నెర్రెవిచ్చిందేమో చూడు, కింద ఫగా ఉంటుందని బదూలకు తరతరాలుగా తెలుసు. ఫగా అంటే ఎడారిలో భూమిలోపల పెరిగే, బంగాళదుంపంత ఉండే పుట్టగొడుగు. కువైట్ సంతలో కిలో లెక్కన మంచి ధర పలికే సరుకు. రగ్‌రూగ్ వేళ్లకూ ఆ శిలీంధ్రానికీ మధ్య ఇచ్చిపుచ్చుకోవడం ఉందని వృక్షశాస్త్రం తర్వాత నిర్ధారించింది. వస్మ్ అని పిలిచే అక్టోబరు, నవంబరు వానలు సరిగ్గా పడి, ఉరుములు ఉరిమితేనే ఫగా బాగా వస్తుందని అక్కడివాళ్ల నమ్మకం. ఉరుములకు పుట్టగొడుగులు లేస్తాయని మన పల్లెల్లోనూ అంటారు. ఇన్ని వేల మైళ్ల ఎడంతో ఒకే మాట ఎలా పుట్టిందోగానీ. ఒక మొక్క పేరు రాసుకోవడమంటే దాని వెనకున్న ఈ లెక్కలన్నిటికీ ఒక కొస పట్టుకోవడమే. ఆ కొసను డిక్సన్ పట్టుకుంది. అరబ్బీ వచ్చిన ఆడమనిషి కనుక బదూ గుడారంలో మగవాళ్లు కూర్చునే వైపే కాక, వంటచెరకు, పాలు, పసిపిల్లల మందులు నడిచే ఆడవాళ్ల వైపూ ఆమెకు చోటు దొరికింది. ఏ యూరోపియన్ మగవాడికీ దొరకని కొలువు అది.

తెలుగునేల మీద ఇదే కథ ఇంకా ముందే నడిచింది కనుక పోల్చి చూసుకునే వీలుంది. అరబ్బు లోకాన్నీ ఆంధ్ర తీరాన్నీ ఒక్క జీవితంలో కలిపినవాడు పాట్రిక్ రస్సెల్. స్కాట్లండ్ వైద్యుడు. అలెప్పోలో దాదాపు ఇరవై ఏళ్లు ఉండి, అన్న రాసిన అలెప్పో ప్రకృతి చరిత్రను పెంచి 1794లో మళ్లీ అచ్చువేయించాడు. అంతకుముందే 1780లలో విశాఖపట్నం వచ్చి పాముల వెంట, చేపల వెంట పడ్డాడు. 1796లో వచ్చిన అతని పాముల పుస్తకంలో రక్తపింజరికి కాటుక రేకుల పొడ అన్న తెలుగు పేరే ఉంది. బంగారు పాము అని జనం చెప్పినదాని నుంచే కట్లపాముల ప్రజాతికి బంగారస్ అన్న లాటిన్ పేరు వచ్చింది. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ మొక్కల మీద తెచ్చిన మూడు సంపుటాల్లో 300 బొమ్మలున్నాయి. గీసినవాళ్లు ఇక్కడి చిత్రకారులు. వాళ్ల పేర్లు ఆ సంపుటాల్లో లేవు. సోమిద చెట్టు మాత్రం తన తెలుగు పేరును ప్రజాతి పేరుగా సోయ్‌మిడాలో నిలుపుకుంది. చెట్టుకు దక్కిన మన్నన దాన్ని గీసినవాడికి దక్కలేదు! 1859లో వాల్టర్ ఇలియట్ ఈ వరసను తలకిందులు చేశాడు. ఫ్లోరా ఆంధ్రికా అన్న అతని పుస్తకం ఉత్తర సర్కారు జిల్లాల మొక్కల తెలుగు పేర్లకు, వాటి శాస్త్రనామాలకు జాబితా. తెలుగు మాట తెలిసినవాడు లాటిన్ దగ్గరికి వెళ్లే దారి అది. డిక్సన్ పుస్తకాన్ని ఈ వరసలో ఎక్కడ కూర్చోబెట్టాలంటే, రస్సెల్ కన్నా ఇలియట్‌కు దగ్గరగా అంటాను.

స్థానిక నామం పోతే ఏం పోతుందో చెప్పడానికి కువైట్‌లోని తెలుగువాళ్లలో చాలామందికి సొంత జిల్లాలోనే సాక్ష్యం ఉంది. డర్హమ్ కౌంటీలో పుట్టి, మద్రాసు సైన్యంలో వైద్యుడిగా నెల్లూరులో పనిచేసిన థామస్ జెర్డన్ (1811–1872) తూర్పు కనుమల పొదల్లో మెడకు రెండు పట్టీలున్న ఒక పిట్టను చూశాడు. 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ దానికి శాస్త్రనామం పెట్టాడు. ఇంగ్లిష్‌లో అది జెర్డన్ పేరుతోనే చెలామణి అవుతోంది. 1900 తర్వాత దాన్ని చూసినట్టు ఎవరూ రాయలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ వెతుకులాటలో అసలు దాన్ని పట్టి తెచ్చింది ఆ ఊరి పిట్టలవేటగాడు. శాస్త్రవేత్తలకు ఎనభై ఆరేళ్లు కనిపించని పిట్టకు అక్కడ కలివి కోడి అన్న పేరు ఉంది. కలివి అంటే ముళ్లపొద. ఎక్కడ వెతకాలో ఆ పేరే చెబుతోంది. జెర్డన్ పేరులో ఆ కబురు లేదు. ఖుజామా, హార్వుడియా డిక్సోనియే అన్న జంటనూ ఇలాగే చూడాలి. 1939లో టరిల్ అనే వృక్షశాస్త్రవేత్త పెట్టిన రెండో పేరు ఆ మొక్కను ఆవాల కుటుంబంలో తన చోటులో నిలబెట్టింది, అందులో ఒక్క జాతి మాత్రమే ఉన్న ప్రజాతిగా గుర్తించింది. మొదటి పేరు మనుషుల మధ్య, ముక్కుకు తగిలే వాసన మధ్య దాని చోటు చెబుతుంది.

ఈ వాదనకు మొదటి అభ్యంతరం శాస్త్రజ్ఞుల వైపు నుంచి వస్తుంది. డిక్సన్‌కు వృక్షశాస్త్రంలో చదువు లేదు. మొక్కలను ఎండబెట్టి పంపిందే తప్ప, అవి ఏవో తేల్చింది క్యూలోని నిపుణులు. 1949 నుంచి బర్ట్, లూయిస్ అనే ఇద్దరు క్యూ బులెటిన్‌లో కువైట్ వృక్షసంపద మీద రాసిన వ్యాసాలే అసలైన శాస్త్రం అంటారు. మాట నిజమే, కానీ సగమే నిజం. కువైట్‌లో ఏడాదికి సగటున 110 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడుతుంది. కరువుకు పేరుమోసిన అనంతపురంలో పడేదానిలో అది అయిదో వంతు. ఆ సగటు కూడా కాగితం మీదిదే. ఒక ఏడు రెట్టింపు, ఒక ఏడు పావు. కువైట్ మొక్కజాతుల్లో ఎక్కువ భాగం ఒక్క వానకాలంలో బతుకు ముగించే మొక్కలు. కొన్ని గింజలు మంచి ఏడు వచ్చేదాకా ఇసుకలోనే కాచుకుని ఉంటాయి. నెల రోజుల సెలవు పెట్టుకుని వచ్చిన గొప్ప శాస్త్రవేత్తకు చెడ్డ ఏడు తగిలితే ఖాళీ నేలే కనిపిస్తుంది. ఏ ఫిబ్రవరిలో ఏం మొలుస్తుందో చూడాలంటే ముప్పై ఫిబ్రవరులు అక్కడే ఉండాలి. ఇంతకుముందు గుర్తుపెట్టుకోమన్న నిలకడ విలువ ఇదే. 1994లో బూలోస్, అల్ దోసరి తెచ్చిన జాబితాలో కువైట్ మొక్కలు 374 జాతులని తేలింది. ఆ అంకెకు చేరే దారిలో దావూద్, అల్ రావీ 1985, 1987లలో తెచ్చిన రెండు సంపుటాలున్నాయి. ఆ దారికి మొదటి రాళ్లు పరిచింది బడి చదువు లేని ఈ సేకర్తే.

రెండో అభ్యంతరం పేర్ల మీదే. స్థానిక నామాలు నమ్మదగినవి కావు, తెగ మారితే మారతాయి, ఒకే పేరు నాలుగు మొక్కలకు ఉంటుంది. దీన్ని కాదనడానికి లేదు. ఖుజామాయే మంచి ఉదాహరణ. మిగతా అరబ్బు దేశాల్లో ఆ మాటకు లావెండర్ అని అర్థం. కువైట్‌లో ఆవాల కుటుంబపు మొక్క. తెలుగులోనూ తంగేడు, నేలతంగేడు, సీమతంగేడు వేర్వేరు మొక్కలు. ఒకరి కలివి ఇంకొకరికి వాక. అందుకే ఒట్టి పేరు ఒంటరిగా నిలబడదు. అయితే, పేరు పక్కన ఎండు మొక్క, సేకరించిన చోటు, తేదీ ఉంటే ఆ మార్పే సమాచారంగా మారుతుంది. ఏ పేరు ఎక్కడిదాకా నడిచిందో, ఎక్కడ ఆగి ఇంకో మొక్క మీదికి దూకిందో తెలిస్తే మందల దారులు, పెళ్లిసంబంధాలు, సంతల దారులు బయటపడతాయి. లాటిన్ పేరు ఆ పని చేయలేదు, చేయాలని పుట్టలేదు కూడా. రెంటిలో ఒకటే ఉంచుకోమంటే శాస్త్రానికి లాటిన్ చాలు. ఆ నేలను అర్థం చేసుకోవడానికి చాలదు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం మూడోది. ఈ సేకరణ అంతా సామ్రాజ్యం వేసిన బాటలోనే నడిచింది. కువైట్‌లోని పొలిటికల్ ఏజెన్సీ 1947 దాకా బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం కిందిది. రూపాయి అక్కడ 1961 దాకా చెల్లింది. ఆమె తిరిగిన కారు, దిగిన గుడారం, పాలకుడు షేక్ అహ్మద్ అల్ జాబర్ కొలువులో చనువు, ఇవన్నీ భర్త హోదాతో వచ్చినవే. అంతేకాదు, 1934 డిసెంబరులో కువైట్ ఆయిల్ కంపెనీకి చమురు హక్కులు రాసిచ్చిన నాటికి ఏజెంటు ఆయనే. 1938లో బుర్గాన్‌లో చమురు పడింది, 1946లో మొదటి ఓడ కదిలింది. ఎడారి పూలను లెక్కపెట్టిన ఇంటి కప్పు కిందే ఎడారి రూపు మార్చేసిన వ్యాపారమూ కాపురం చేసింది. ఆమెను అభిమానించేవాళ్లు ఈ సంగతిని దాటేసి పోతుంటారు, అది తప్పు. కానీ విమర్శించేవాళ్లు దీనితోనే కథ ముగిస్తే, ఆ పుస్తకంలో బదూ ఆడవాళ్లు చెప్పిన మాటలను కూడా సామ్రాజ్యం ఖాతాలోనే జమ చేసినట్టు అవుతుంది. ఆ మాటలు ఏజెంటువి కావు, అతని భార్యవీ కావు. రాక్స్‌బర్గ్ సంపుటాల నుంచి తెలుగు చిత్రకారుల గీతను వేరుచేసి చూసినట్టే, డిక్సన్ పుస్తకం నుంచి ఆ మాటలను వాటి సొంతదారుల పేరు మీదికి మార్చి చదవడం నేర్చుకోవాలి. చెప్పినవాళ్లను ఒక్కొక్కరినీ పేరుపేరునా రాసి ఉంటే ఈ పని తేలికయ్యేది. పుస్తకంలో నిజమైన లోటు అంటూ చూపాల్సి వస్తే నేను చూపేది అదే.

నేటి పర్యావరణ లెక్కలకు ఆమె సమాచారం ఎంత పనికొస్తుందన్నది మరో ప్రశ్న. చమురుకు ముందరి నేల ఎలా ఉండేదో చెప్పే ఆధారాలు తక్కువ కనుక ఆమె రాతను కొలబద్దగా వాడాలన్న ఆశ సహజం. జాగ్రత్త అవసరం. ఫలానా మొక్క ఫలానా చోట ఉండేదని ఆమె సేకరణ చెబుతుంది, ఎకరానికి ఎన్ని ఉండేవో చెప్పదు. మితిమీరిన మేత, వసంతకాలపు విడిదులు, నాలుగు చక్రాల బండ్లు, కంకర తవ్వకాలు, 1991లో మండిన బావులు, గుంటలు కట్టిన చమురు, వీటివల్ల అర్ఫజ్ చాలాచోట్ల తగ్గిందని తర్వాతి పరిశీలకులు చూపించారు. ఎంత తగ్గిందో ఆమె పుస్తకంతో కొలవలేం. జల్ అల్ జోర్ గుట్టల వైపున్న సబా అల్ అహ్మద్ అభయారణ్యంలో కంచె లోపల అర్ఫజ్ మళ్లీ తలెత్తడాన్ని చూస్తే, ఒకప్పుడు బయట ఏముండేదో ఊహించడానికి ఆమె పుస్తకం పక్కన ఉంటే చాలు.

ఇప్పుడు ఎవరైనా మళ్లీ సంచి భుజాన వేసుకుని పేర్లు అడుగుతూ బయల్దేరితే ఎవరిని అడగాలి? బదూల మనవలు పట్నంలో, సబా అల్ సలేం లాంటి పేటల్లో ఇళ్లు కట్టుకుని స్థిరపడ్డారు. కబ్ద్ వైపు జాఖూర్లనే పశువుల దొడ్లలో, ఇంకా లోపలి మేతభూముల్లో గొర్రెల వెంట, ఒంటెల వెంట ఏడాదంతా తిరుగుతున్నది జీతానికి వచ్చిన పరదేశులు. వాళ్లలో రాయచోటి వైపు నుంచి, రాజంపేట వైపు నుంచి వెళ్లిన మనవాళ్లూ ఉన్నారు. ఏ మొక్కను మంద ముందుగా కొరుకుతుందో, ఏదాన్ని మూతిపెట్టి వదిలేస్తుందో, వాన పడిన ఎన్నో రోజుకు ఏది లేస్తుందో వాళ్లు చూస్తూనే ఉంటారు. అరబ్బు యజమాని చెప్పిన మాట కొంత, సొంత ఊళ్లో చూసిన మొక్కను పోల్చి పెట్టుకున్న పేరు కొంత కలిసి వాళ్ల నోట ఒక కొత్త జాబితా తయారవుతూ ఉండాలి. డిక్సన్ కాలంలో బదూ గుడారానికి ఒక ఆడమనిషి వెళ్లి అడిగింది. ఈ గొర్రెలకాపరి రేకుల షెడ్డుకు పుస్తకం పట్టుకుని వెళ్లేవాళ్లకు తెలుగు కూడా వచ్చి ఉండాలి.